బావగారి చేపల రేవు

మొన్న శనివారం సూపర్‌మార్కెట్‌లో చేపల కౌంటర్ దగ్గర నా కుడిచెయ్యి నన్ను అడక్కుండానే ముందుకెళ్లి, మంచుగడ్డల మీద పడుకున్న ఒక సీబాస్ మొప్ప ఎత్తి లోపలికి తొంగిచూసింది. కౌంటర్ వెనక కుర్రాడు నా వంక చూసిన చూపు పోలీసులు వాడేది. పక్కనే మా అమ్మాయి ఉంది. తెలుగంతా అర్థం చేసుకుని ఇంగ్లీషులోనే జవాబిచ్చే రకం. "డాడ్! స్టాపిట్! యూ ఆర్ డూయింగ్ ఎ బావగారు!" అంది. గుసగుసగానే అన్నానని దాని ఉద్దేశం. బ్రెడ్డు కొనుక్కునే వాళ్లు కూడా తిరిగి చూశారు.

మాది అనంతపురం జిల్లా. మా వైపు నది అంటే ఇసుక. వర్షం అంటే రేడియోలో వచ్చే వార్త. చేప అంటే పంచాంగంలో మీనరాశి పక్కన గీసిన బొమ్మ. అలాంటి గడ్డ మీద పుట్టి, బ్రిస్టల్లో కంప్యూటర్ల ముందు నడుం వంచుకు బతుకుతున్న నాకు మొప్పలెత్తి చూసే విద్య ఎలా అబ్బుతుంది? అది బావగారి దగ్గర అంటుకుంది. ఒకసారి అంటుకుంటే వదిలే రకం కాదాయన.

ఆయనకు పేరు లేకపోలేదు. పాస్‌పోర్టులో పై గీత నుంచి కింది గీత దాకా పట్టినంత పేరుంది. కానీ ఆయన కనపడ్డ ప్రతి మనిషినీ "బావగారూ" అని పిలిచేవాడు గనక, మేం కూడా ఆయన్ని అలాగే పిలిచేవాళ్లం. వరసలు పట్టించుకునేవాడు కాదు. కూరగాయల కొట్టు పంజాబీ ఆయన బావగారే, పోస్ట్‌మాన్ బావగారే. బస్సు దిగుతూ డ్రైవర్‌తో "థాంక్యూ బావగారూ" అనేవాడు. ఆ డ్రైవర్లు అదేదో భారతదేశపు నమస్కారం అనుకుని, "బావగారూ, మేట్" అని బదులిచ్చేవాళ్లు. నా లెక్క ప్రకారం బ్రిస్టల్ బస్సుల్లో సగం ఇప్పటికీ ఆ మర్యాద పాటిస్తూనే ఉండాలి.

మనిషి పొట్టి. గొంతు మాత్రం ఆరడుగుల పైచిలుకు. ముందు గొంతు వచ్చేది, వెనక పొట్ట వచ్చేది, ఆ తర్వాత తీరిగ్గా మనిషి వచ్చేవాడు. ఆయన పై అంతస్తు ఫ్లాటులో కూర్చుని నవ్వితే కింది ఫ్లాటులో టీ కప్పులు సాసర్లలో కథాకళి ఆడేవి. ఆ కింది ఫ్లాటులో రిటైరైన బస్సు డ్రైవరొకాయన ఒంటరిగా ఉండేవాడు. తెల్లవాడు, ముసలివాడు. ఆయన్ని మాత్రం బావగారు ఎందుకో 'అంకుల్' అనేవాడు. తనకి మేనల్లుడు ఎప్పుడు పుట్టాడో తెలియక ఆ పెద్దమనిషి మొదట్లో కంగారుపడ్డాడు గానీ, తర్వాత ఆ వరసకి అలవాటుపడి, పండక్కి మేనమామ హోదాలోనే మెట్లెక్కి వచ్చేవాడు. వారానికి నాలుగు రోజులు గేలం పట్టుకుని నదికి పోయేవాడు. ఆయన చేప పట్టగా నేనెన్నడూ చూడలేదు. చేపలకు రొట్టె ముక్కలు పంచిపెట్టి రావడమే ఆయన వ్యాపకమని నా అనుమానం.

బావగారితో నా తొలి పరిచయం కూడా చేపల కౌంటర్ దగ్గరే. ఒక మాకరెల్ చేపను రెండు చేతులతో ఎత్తి, చంటిబిడ్డను డాక్టరుకు చూపించినట్టు కౌంటరమ్మాయికి చూపిస్తూ, "ఈయన ఎప్పుడు పోయాడమ్మా?" అని ఇంగ్లీషులో అడుగుతున్నాడు. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "ఎవరు పోయారు?" అంది. "ఈయనే. ఏ రోజు పోయాడు? కళ్లు చూస్తే మంగళారం పోయినట్టుంది" అన్నాడు. ఆ అమ్మాయి మేనేజర్ కోసం పరిగెత్తింది. నేను సిగ్గుతో కార్న్‌ఫ్లేక్స్ వరస వెనక దాక్కున్నాను. తెలుగు మొహం ఎక్కడ దాక్కున్నా ఆయనకి కనపడుతుంది.

"బావగారూ! మీరు మనోళ్లేనాండీ?"

"అవునండీ," అన్నాను, కాదందామని నోటిదాకా వచ్చినా.

"చూడగానే అనుకున్నానండి. సిగ్గుపడతన్నారు కదా! ఇక్కడికొచ్చాకా మనోళ్లందరికీ పట్టుకుంటదండీ ఈ సిగ్గు. చలి లాంటిదండి అది. కోటేసుకుంటే పోద్ది."

ఆయన వేసుకున్న కోటు ఏమిటో గానీ, చాలా మందంగా ఉండేది. ఆయన పక్కన నిలబడ్డప్పుడల్లా ఆయన పడాల్సిన సిగ్గంతా నేనే పడేవాణ్ణి. ట్రెయిన్లో ఉల్లిపాయ పులుసు డబ్బా మూత తీసినప్పుడు నేనే కిటికీలోంచి చూశాను. పిల్లల స్కూల్లో హెడ్‌మాస్టర్‌ని బావగారూ అని పిలిచి, చెల్లెమ్మ బాగుందా అని అడిగినప్పుడు నా షూ లేసులు మళ్లీ మళ్లీ ఊడాయి.

ఉద్యోగం ఒక ఫ్యాక్టరీలో. వేల్స్ సరిహద్దు వైపు, నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన. నది పేరు చెబితే ఫ్యాక్టరీ పేరు చెప్పినట్టే కాబట్టి చెప్పను. ఏం తయారుచేస్తారని అడిగితే "తెల్లపొడండి, దేంట్లోనో కలుపుతారండి" అనేవాడు. పొడి సంగతి ఆయనకి అనవసరం. ఆయనది నీళ్ల శాఖ. కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో పంపుల ఇంజినీరుగా పనిచేసి, వర్క్ పర్మిట్ మీద ఇక్కడికి వచ్చాడు. కోట్ల పౌండ్లు పోసి కట్టిన పంప్‌హౌస్‌ను ఆయన చివరిదాకా 'పంపుషెడ్డు' అనే అన్నాడు. అందులో ఒక మంచమేసుకుని పడుకుంటే చాలు, మినపచేను కాపలా కాసినట్టుంటుందట.

"మా ఫ్యాక్టరీకి దాహం ఎక్కువండీ బావగారూ," అని మొదలుపెట్టేవాడు, ఎవరూ అడక్కపోయినా. మిషన్లు వేడెక్కుతాయి. చల్లబడాలంటే నది నీళ్లు తాగాలి. తాగి, చల్లబడి, ఆ నీళ్లను గోరువెచ్చగా మళ్లీ నదిలోకే ఉమ్మేస్తుంది. తాగేటప్పుడు దుంగలు రాకుండా మూతికి ఇనుప కడ్డీలుంటాయి. వాటి వెనక మూడంతస్తుల మేడంత జల్లెడ గుండ్రంగా తిరుగుతుంటుంది. నీళ్లతోపాటు వచ్చిన చేపలు దానికి అతుక్కుపోతాయి. పైనుంచి నీటి ధారలు కొట్టి వాటిని రాలుస్తారు. వెనకటికి అవి ఒక గంపలో పడేవి, ఆ గంప చెత్తలో పడేది. జల్లెడ కంతల్లోంచి జారిపోయేంత చిన్న పిల్లచేపలూ గుడ్లూ అయితే నేరుగా మిషను లోపలికి వెళ్లి, ఉడికి బయటికొచ్చేవి.

బావగారు వచ్చాక ఒక పని చేయించాడు. రాలిన చేపలు గంపలోకి కాకుండా నున్నటి సగం గొట్టంలోకి పడి, నీళ్లతోపాటు జారుకుంటూ, కంచె దాటి నదిలోకే వెళ్లిపోయేలా ఒక కాలవ కట్టించాడు. జల్లెడ అంచున చిక్కుకుని కాలవలోకి దిగని చేపలు మాత్రమే ఇప్పుడు గంపలోకి పోతాయి. ఆ కాలవకు ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన పేరు ఏమిటో నాకు తెలియదు. ఆయన 'చేపల రేవు' అన్నాడు. ఆయన పర్సులో భార్య ఫోటో ఉండాల్సిన చోట ఆ కాలవ ఫోటో ఉండేది. "నా ఫోటో జల్లెడలో ఇరుక్కుపోయిందంటన్నయ్యా," అనేది ఆవిడ. కేర్‌హోమ్‌లో పనిచేసేది. రోటా ప్రకారం పగలూ రాత్రీ తేడా లేకుండా ముసలివాళ్లకు స్నానాలు చేయించి, ఇంటికొచ్చి ఈయన గొంతు వినేది. ఓపిక అంటే అదీ.

చేపల గురించి ఆయనకో సిద్ధాంతముంది. గోదావరి పులసకు సముద్రంలో ఉన్నంతకాలం పేరు విలస. విలసకు రుచీ లేదు, మర్యాదా లేదు. వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే అది పులస అవుతుంది, జనం ఎగబడతారు. "మనం కూడా అంతేనండి. హీత్రూలో దిగినప్పుడు విలసలం. పెర్మనెంటు వచ్చాకా పులసలం." పెర్మనెంటు అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండనిచ్చే ముద్ర. అప్పట్లో నాలుగేళ్లు పనిచేస్తే ఇచ్చేవాళ్లు. ఆయనకు ఇంకో నెలా రెణ్ణెల్లలో నాలుగేళ్లు నిండుతాయనగా ప్రభుత్వం నాలుగును అయిదు చేసేసింది. ఇప్పటికే వచ్చేసినవాళ్లకు కూడా. ఆ అయిదో ఏడూ అదే ఫ్యాక్టరీలో, అదే యజమాని దగ్గర ఉండాలి. ఉద్యోగం పోతే పర్మిట్ పోతుంది, పర్మిట్ పోతే భార్య రోటా, కొడుకు స్కూలు, ఫ్లాటు అన్నీ కట్టకట్టుకుని కాకినాడ పోతాయి. "ఎదురీతలో ఇంకో మైలు పెంచారండి," అన్నాడు. ఆ రోజు నవ్వు కాస్త చిన్నగా నవ్వాడు. కింద కప్పులు కదిలాయి గానీ డాన్సు ఆడలేదు.

ఆ ఏడాది మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్.

"బావగారూ, పులస దొరికింది!"

"ఎక్కడ బావగారూ? రాజమండ్రిలోనా?"

"మా పంపుషెడ్డులోనండీ! ఆయ్! గోదారి మొహం చూడని పులస! తెల్లోళ్ల పులస! చెల్లెమ్మని తీసుకుని వచ్చెయ్యండి."

మేం వెళ్లేసరికి ఇల్లంతా చింతపండు, మెంతులు, ఆవకాయ నూనె వాసనతో తూలుతోంది. రాత్రే వండి, మట్టికుండ దొరక్క కాసరోల్ గిన్నెలో నిలవుంచాడట. పులస పులుసు మర్నాటికి గానీ మాట్లాడదట. బెండకాయలు పడవల్లా తేలుతున్నాయి. అంకుల్ అప్పటికే టై సర్దుకుని బల్ల ముందు కూర్చున్నాడు, ముందుజాగ్రత్తగా రెండు గ్లాసుల నీళ్లతో.

ఆ చేపలో మాంసం కన్నా ముళ్లెక్కువ. ఒక ముద్దకు ఒక దువ్వెన లెక్క. అయినా చెబుతున్నాను, మీనరాశిలో తప్ప చేపనెరగని నేను ఆ రోజు గిన్నె అడుగు గీకాను. అంకుల్ కళ్లనీళ్లూ ముక్కునీళ్లూ కలిపి మింగుతూ, నీళ్ల కోసమని సింక్ దగ్గరికెళ్లాడు. అక్కడ పక్కన పెట్టిన చేప తలకాయ చూశాడు. చాలాసేపు వంగి చూశాడు.

"ఇది షాడ్," అన్నాడు. "మే ఫిష్. ఎక్కడిది?"

"మా ఫ్యాక్టరీ గంపలోదండి. పారేస్తారని తెచ్చాను."

"ఏటా మేలో గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి పైకొస్తుంది, బాబూ. మా నాన్న రోజుల్లో ఇవి వస్తుంటే రేవంతా వెండిలా ఉండేదట. ఇప్పుడు ఎక్కడో గానీ లేవు. దీన్ని పట్టకూడదు. గేలానికి పడ్డా వదిలెయ్యాలి."

"నేను పట్టలేదంకుల్. జల్లెడ పట్టింది."

అందరం నవ్వాం. అంకుల్ కూడా నవ్వాడు. నవ్వి, "మరి ఆ జల్లెడ వదులుతుందా?" అన్నాడు.

బావగారు పర్సు తీశాడు. ఫోటో చూపించి, రేవు కథంతా అభినయంతో సహా చెప్పాడు. అంకుల్ మొహం విచ్చుకుంది. "గుడ్ లాడ్," అని భుజం తట్టి, మళ్లీ వచ్చి మంట పులుసు ముందు ధైర్యంగా కూర్చున్నాడు.

అంతటితో అయిపోవాల్సింది. మా ఆవిడ ఊరుకోలేదు. ఆవిడా అనంతపురమే. నీళ్ల సంగతులు తెలియవు గనక, తెలియనివాళ్లు మాత్రమే అడగగలిగిన ప్రశ్న అడిగింది.

"అన్నీ బతికి పోతాయంటివి కదన్నా. మరి ఇదెట్ల సచ్చిపాయ?"

బావగారి చెయ్యి అన్నంలో ఆగింది. "దానికి ఆయుష్షు తీరిపోయిందమ్మా," అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వుకి కప్పులు కాదు గదా, ఆయన మీసం కూడా కదల్లేదు.

మరుసటి ఆదివారం నన్ను కారులో వేసుకుని బయల్దేరదీశాడు. రేవు కట్టించాడే గానీ, దాని అవతలి కొసను, కంచె బయట బురదలో నదిని కలిసే చోటును, ఆయన ఎన్నడూ నిలబడి చూడలేదట. "ఒక్కణ్ణే ఎళ్లడానికి ఏదోలా ఉందండీ," అన్నాడు. నా కొత్త బూట్లు మొదటి అడుగులోనే నదికి సమర్పించి, ఆయన వెనక గట్టు దిగాను.

ముందు కొంగలనుకున్నాను. దగ్గరికెళ్తే సీగల్స్. బంధుమిత్ర సపరివారంగా వచ్చి, గట్టుపొడవునా పంక్తులు తీరి కూర్చున్నాయి. కాలవ కొస నుంచి నీళ్లు దూకుతున్నాయి. ఆ నీళ్లలో ఒక మలుగుపాము, పేరుకే పాము, చేపే, జారిపడి, తోక ఆడించి, అప్పులవాణ్ణి చూసినంత వేగంగా మాయమైంది. తర్వాత ఒక బల్లపరుపు చేప, అదీ క్షేమంగా అడుగుకు పోయింది. బావగారు నా వైపు చూసి కళ్లెగరేశాడు. "చూశారా!"

అప్పుడు ఒక షాడ్ వచ్చింది. వెండి కడ్డీలాంటి చేప. బతికే ఉంది. పడ్డ చోటే పక్కకు ఒరిగి, ఒకసారి తిరిగి, ఇంకోసారి తిరిగింది. బావగారు మోకాళ్లలోతు దిగి రెండు చేతులతో ఎత్తుకున్నాడు, ప్రవాహానికి ఎదురుగా పట్టుకుంటే తేరుకుంటుందని. దాని ఒంటి మీద పొలుసు ఒక పక్కంతా లేదు. మిగిలిన పక్కది ఆయన పట్టుకోగానే ఊడి అరచేతులకు అంటుకుంది. ఆ జాతే అంత సుకుమారమట. జల్లెడకు ఒకసారి ఒళ్లు తగిలి, ధారల కింద రాలి, గొట్టంలో దొర్లి వచ్చాక ఇక దానికి మిగిలేదేమీ లేదు. చేతుల్లోనే కదలడం మానేసింది. వదిలితే తెల్లటి పొట్ట పైకి పెట్టి రెండు గజాలు కొట్టుకుపోయింది. వరసలో ముందున్న సీగల్ లేచింది. ఆ వెనక ఇంకో షాడ్ వచ్చింది, ఇంకొకటి. ఏ ఒక్కటీ ఈదలేదు.

"రేవు కాదు బావగారూ ఇది," అన్నాడు. "వడ్డన."

నీళ్లలో చేతులు కడుక్కున్నాడు. పొలుసు పోలేదు. నా రుమాలిచ్చాను. రుమాలు మెరిసింది గానీ చేతులు అలాగే ఉన్నాయి. కారు స్టీరింగ్‌ను వేళ్ల చివరలతో పట్టుకుని ఇంటిదాకా నడిపాడు.

సోమవారం వెళ్లి మేనేజర్‌కి చెప్పాడు. ఆ మేనేజర్ మంచివాడే. శ్రద్ధగా విని, "మలుగుపాములు బతుకుతున్నాయా? బల్లచేపలు బతుకుతున్నాయా? అంటే రేవు పనిచేస్తున్నట్టే కదా" అన్నాడట. ఆపైన, ఫ్యాక్టరీ ఇంకో పంపు పెట్టబోతోందనీ, నదికి ఏమవుతుందోనని ఊరివాళ్లు కంగారుపడుతున్నారనీ, విలేజ్ హాల్లో మీటింగ్‌లో రేవు గురించి బావగారే చెబితే బాగుంటుందనీ అన్నాడట. లేస్తుంటే, "నీ వీసాకి మేం ఇవ్వాల్సిన కాయితం నాకు గుర్తుందిలే" అని కూడా అన్నాడట.

"బెదిరించాడా?" అన్నాను.

"లేదండీ, చాలా ప్రేమగా అన్నాడు. అదే భయమేసింది."

ఇంట్లో వాళ్లావిడ మొదట "ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యండి" అందట. టీ కలుపుతూ, "ఒక్క ఏడాదేగా" అందట. టీ ఇస్తూ ఏమీ అనలేదట.

మీటింగ్‌కి నన్ను ముందు వరసలో కూర్చోమన్నాడు. మెత్తటి బిస్కెట్లూ, యుద్ధకాలం నాటి టీ పాత్రా, కాళ్లు కిర్రుమనే కుర్చీలూ. బావగారు సూటు వేసుకుని వచ్చాడు. మొదటి మాటకే హాలు ఆయన వశమైంది. సభాధ్యక్షురాలిని ముందు బావగారూ అని, నాలిక్కరుచుకుని చెల్లెమ్మా అన్నాడు. పంపుషెడ్డు, జల్లెడ, రేవు వచ్చాయి. మలుగుపాము తోక ఎలా ఆడించిందో నడుం తిప్పి చూపిస్తే ముసలమ్మలు కళ్లు తుడుచుకుని మరీ నవ్వారు. షాడ్ ఊసు రాలేదు. నేను గోడ మీది గడియారం చూస్తున్నాను, అది ఈయనకన్నా వేగంగా నడిస్తే బాగుండునని.

ప్రశ్నలు అనగానే వెనక వరసలోంచి అంకుల్ లేచాడు. రెండు బస్సులు మారి వచ్చాడు.

"ఈ అబ్బాయి నా పొరుగువాడు," అన్నాడు సభతో. "నేను తిన్నవాటిలోకెల్లా ఘోరమైన పులుసు నాకు పెట్టాడు." నవ్వులు. "ఇతను నాతో అబద్ధమాడడు. అందుకని వేరే ఎవర్నీ అడగను. చెప్పు బాబూ. మీ జల్లెడకు పడ్డ మే ఫిష్ తిరిగి నదిలోకి వెళ్తున్నాయా?"

బావగారు తన అరచేతుల వంక చూసుకున్నాడు. తర్వాత మేనేజర్ వంక చూడలేదు. నా వంకా చూడలేదు. అది నాకు గుర్తుంది, ఎందుకంటే చూస్తాడేమోనని నేను తల దించుకున్నాను.

"వెళ్తాయంకుల్," అన్నాడు. "నదిలోకే వెళ్తాయి."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. హాలు చప్పట్లు కొట్టింది. అంకుల్ కుర్చీల మధ్య దారి చేసుకుంటూ ముందుకు వచ్చి, ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ఊపాడు. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. కొత్త పంపు వచ్చింది.

తర్వాత నేను చూసిన బావగారి సైజు వేరు. గొంతు ఆయన ఎత్తుకు దిగిపోయింది. బస్సు డ్రైవర్లకు ఉత్త థాంక్యూ చెప్పడం మొదలుపెట్టాడు. చేపల కౌంటర్ ఉన్న వైపు ట్రాలీ తిప్పేవాడు కాదు. ఒకరోజు నేను మెట్లెక్కుతుంటే ఎదురుగా దిగుతున్నాడు, రెండు చేతుల్లో రెండు షూలు పట్టుకుని, మేజోళ్లతో. అంకుల్ తలుపు దాటాక కూర్చుని తొడుక్కున్నాడు. అంత పెద్ద మనిషి, దేశాన్నంతటినీ బావగారూ అని కేకేసిన మనిషి, దొంగపిల్లిలా సొంత మెట్లు దిగడం చూసి నాకు నవ్వు రావాలి. దేనికైనా నవ్వేసే రకం నేను. రాలేదు.

పాపం, అంకుల్‌కి ఏమీ తెలియదు. బస్‌స్టాప్‌లో నన్ను పట్టుకుని, "అబ్బాయికి ఒంట్లో బాగాలేదా? కప్పులు ఊరికే ఉంటున్నాయి" అన్నాడు. తన పెరటి మడిలోంచి పుల్లటి రుబార్బ్ కాడలు కోసుకొచ్చి వాళ్ల గుమ్మం ముందు పెట్టేవాడు. ఆవిడ వాటిని గోంగూరలా పచ్చడి చేసేది. బావగారు ముద్ద నోటిదాకా తెచ్చి, మజ్జిగన్నం పెట్టమనేవాడు.

ఫ్యాక్టరీలో ఊరుకున్నాడని కాదు. ధారల జోరు తగ్గించాడు. మేలో ఒక పంపైనా ఆపుదామని అడిగాడు. చూద్దామన్నారు. చూస్తూనే మళ్లీ మే వచ్చింది, పోయింది. ఆ వేసవిలోనే ఆయనకు పెర్మనెంటూ వచ్చింది. ఏ విందూ లేదు, ఫోనూ లేదు. వాళ్లింటికెళ్తే ఫ్రిజ్ మీద కరివేపాకు కట్ట కింద పాస్‌పోర్టు కనపడి నేనే అడిగాను. "వచ్చిందండి," అన్నాడు. అదే నెలలో ఉద్యోగం మానేసి, మాంచెస్టర్లో లిఫ్టులు బాగుచేసే కంపెనీలో చేరాడు. నీళ్లు లేని పని.

సామాను వేన్‌లోకి ఎక్కించే రోజు సాయం వెళ్లాను. నా చేతుల్లో కుక్కర్లూ మూకుళ్లూ ఉన్న అట్టపెట్టె. మెట్లు దిగుతూ చూస్తే బావగారు కింది ఫ్లాటు ముందు నిలబడి ఉన్నాడు. కాళ్లకు షూలున్నాయి. బెల్లు కొట్టాడు.

అంకుల్ స్లిప్పర్లతో, చేతిలో టీ కప్పుతో తలుపు తీశాడు. ఆయన మొహం వెలిగింది. "వెళ్లిపోతున్నావా బాబూ?"

"అంకుల్, ఆ రోజు హాల్లో మీరడిగారు. నదిలోకి వెళ్తాయన్నాను."

"అవును."

"చచ్చిపోయి వెళ్తాయంకుల్. మీ చేప ఒక్కటి కూడా బతకడం నేను చూళ్లేదు. అప్పటికే నాకు తెలుసు."

ముసలాయన కప్పు వంక చూశాడు. వేన్ వంక చూశాడు. నన్నూ నా అట్టపెట్టెనీ చూశాడు.

"గేలాల క్లబ్బులో అందరికీ చెప్పాను," అన్నాడు నెమ్మదిగా. "పంపు వద్దని వాళ్లు సంతకాలు పోగుచేస్తుంటే నేనే ఆపించాను. నా పొరుగు అబ్బాయి స్వయంగా చెప్పాడు, అక్కర్లేదు అన్నాను."

బావగారి చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. అంకుల్ తిడతాడేమోనని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. తెలుగులో అయితే ఈపాటికి నాలుగు వీధుల వాళ్లు పోగయ్యేవాళ్లు.

"శుక్రవారం గదా, మోటర్‌వే రద్దీగా ఉంటుంది," అన్నాడు అంకుల్. "రైట్."

మన ఊళ్లో కండక్టరు రైట్ అంటే బస్సు కదులుతుంది. ఆయన ఆ మాట అని, అతి మర్యాదగా, పసిపిల్ల నిద్రపోతున్న గదికి వేసినంత మెత్తగా తలుపు మూశాడు. గడియ పడిన చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు.

బావగారు ఆ తలుపు ముందే నిలబడ్డాడు. వేన్ డ్రైవర్ హారన్ కొట్టాడు. పైనుంచి ఆవిడ పిలిచింది. ఆయన వినిపించుకోలేదు. నేను పెట్టె కింద పెట్టి భుజం మీద చెయ్యి వేస్తే, నాకు మాత్రమే వినపడేంత చిన్నగా అన్నాడు:

"దబాలున వేసుంటే బాగుండేదండీ, బావగారూ."